గుండు కాదు, బట్టతలా కాదు

మొదటి మచ్చని చూసింది నేను కాదు. ఫరీదాబాద్‌లో మా సెక్టార్ మార్కెట్లో పార్లర్ నడిపే దీదీ చూసింది. దసరా ముందు జుట్టు చివర్లు కత్తిరించుకుందామని వెళ్ళాను. పాయలు విడదీస్తూ విడదీస్తూ ఆవిడ ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని నోరు కూడా ఆగింది. అద్దంలో ఆవిడ ముఖం కేసి చూశాను.

"మేడమ్, యే కబ్ సే హై?" అని ఎప్పట్నుంచో అడుగుతూ ఇంకో చిన్న అద్దం తెచ్చి నా తల వెనక పట్టుకుంది. చెవికి పైన, కొంచెం వెనగ్గా, రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఉంది. పుండు లేదు, ఎరుపు లేదు. అక్కడ వెంట్రుకలు ఎన్నడూ మొలవనే లేదన్నట్టుంది.

"టెన్షన్ వల్ల అయ్యుంటుంది, వచ్చేస్తుంది," అంది హిందీలో. ఆ రోజు నా తలమీద కత్తెర పెట్టలేదు.

చర్మం డాక్టరు చాలా చిన్నవాడు. మా విద్యార్థుల వయసుంటుంది. తల అంతా భూతద్దం పెట్టి చూసి, నెమ్మదిగా చెప్పాడు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి, జుట్టు కుదుళ్ళని శత్రువులనుకుని తరిమేస్తుందట. కాన్సర్ కాదు, అంటుకునేది కాదు, ప్రాణానికేం ముప్పు లేదు. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఇంకొన్ని మచ్చలు రావచ్చు, మొత్తమూ పోవచ్చు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగాడు.

"నేనే," అన్నాను.

"అచ్ఛా," అని కంప్యూటర్లో ఏదో కొట్టుకున్నాడు.

నేను ఢిల్లీ వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. అందరిలాగే సివిల్స్ రాయడానికి అనకాపల్లి నుంచి వచ్చాను. ఒక్కసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను, అంతే. అవకాశాలు అయిపోయాక నాతో వచ్చినవాళ్ళందరూ ఎటో ఒకవైపు వెళ్ళిపోయారు. నేను మటుకు ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనే ఉండిపోయి, ఒక కోచింగ్ సెంటర్లో పిల్లల జవాబుల కాపీలు దిద్దే పనిలో చేరాను. తర్వాత ఆ ఇరుకు గదులు విసుగొచ్చి ఫరీదాబాద్‌లో ఒక చిన్న ఫ్లాట్‌కి మారాను. పెళ్ళి చేసుకోకూడదని అనుకోలేదు. ఈ ఏడు కాదు, పరీక్ష అయ్యాక, అనుకుంటూ ఉంటే ఆ ప్రశ్న అడిగేవాళ్ళే తగ్గిపోయారు.

నాకు పొడుగాటి జడ ఉండేది. కోచింగ్‌లో నా వెనక నన్ను 'జడ మేడమ్' అనేవాళ్ళని నాకు తెలుసు. ఆదివారం పొద్దున్న నూనె రాసుకుని, మధ్యాహ్నం తలంటుకుని, బాల్కనీలో ఎండకి ఆరబెట్టుకునేదాన్ని. ఒంటరిగా ఉండే మనిషికి ఆదివారం ఎంత పొడుగో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నా ఆదివారాన్ని సగం ఆ జుట్టే నింపేది.

దీపావళికి మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. దిండు మీద, బాత్రూం జాలీలో, పప్పులో, దిద్దుతున్న కాపీల మీద, ఎక్కడ చూసినా వెంట్రుకలే. చివరికి అక్కడో పాయ ఇక్కడో పాయ వేలాడుతుంటే చూసుకోలేక మళ్ళీ పార్లర్‌కి వెళ్ళి, మిగిలింది తీసెయ్యమన్నాను. దీదీ మెషిన్ పట్టుకుని ఏడ్చింది. నేనే ఆవిడ భుజం తట్టి, "కోయీ బాత్ నహీ," అన్నాను. ఆ తర్వాత పార్లర్‌కి వెళ్ళాల్సిన పనే లేకపోయింది. జుట్టు పోతుందని తెలుసుగాని, దానితో పాటు నెలకో సారి అక్కడ కూర్చుని ఆవిడ అత్తగారి కథలు వినడం కూడా పోతుందని నాకు తట్టలేదు. కొన్నాళ్ళకి కనుబొమలూ పోయాయి. రెప్పల వెంట్రుకలు కూడా పోయాక కళ్ళలోకి దుమ్ము నేరుగా వచ్చి పడేది.

మాటల మీద బతికేదాన్ని కదా, నాకిప్పుడు వచ్చిన దానికి ఒక మాట కావాలనిపించింది. గుండు అందామంటే, అది ఎవరో ఒకరు గొరిగితే వచ్చేది. మొక్కుకో, చావుకో చేయించుకునేది. బట్టతల మగవాళ్ళ సొత్తు. దానికి అదృష్టం అని పేరు పెట్టి ముద్దు కూడా చేస్తారు. ఆడదానికి మనవాళ్ళు మిగిల్చింది ఒక్క 'బోడి'. పూర్వం మొగుడు పోయిన ఆడవాళ్ళ తల గొరిగించి, ఆ పైన వాళ్ళనే తిట్టడానికి వాడిన మాట అది. ఇప్పటికీ విలువ లేదనిపించిన ప్రతిదాని ముందూ తగిలిస్తాం. బోడి సలహా, బోడి ఉద్యోగం, బోడి పెత్తనం. హిందీలో గంజీ, టక్లీ ఉన్నాయి. రెండూ వెనకాల నవ్వుతూ అనే మాటలే. ఇంగ్లీషులో చూస్తే బాల్డ్. మగాడికీ అదే, ఆడదానికీ అదే, అరిగిపోయిన టైరుకీ అదే, చెట్టు లేని కొండకీ అదే. పుట్టుకలో దానికి తెల్లమచ్చ అనే అర్థం కూడా ఉండేదని ఒక నిఘంటువులో చూశాను. అందుకేనట, తలనిండా తెల్లటి ఈకలున్న గద్దని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఆ మాటలో మొగుడూ లేడు, దేవుడూ లేడు. నాకది నచ్చింది. కానీ మా బిల్డింగ్ మెట్ల మీద ఎదురైన తెలుగావిడకి, "ఆంటీ, నేను బాల్డ్ అయిపోయాను," అని ఎలా చెప్తాం?

ఆ తెలుగావిడ మా కింది అంతస్తులో ఉండేది. కాకినాడ వాళ్ళు. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డారు. ఆవిడ నాకంటే పన్నెండు పదమూడేళ్ళు పెద్ద. ఆ బిల్డింగ్ మొత్తానికి నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. గోంగూర వస్తే నాకో కట్ట, పులిహోర చేస్తే నాకో గిన్నె. చేసిన మేలు ఎప్పుడూ గుర్తు చేసేది కాదు.

డిసెంబర్లో అందరూ ఉన్ని టోపీలు పెట్టుకుంటారు కాబట్టి నాకూ బాగానే గడిచింది. ఒక రోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్ళి పైకి వస్తున్నాను. టోపీ వెనక నుంచి కొంచెం పైకి జరిగినట్టుంది. ఆంటీ మెట్ల మీద నా వెనకే వస్తోంది.

"ఏమ్మా! తిరుపతి వెళ్ళొచ్చావా? చెప్పనే లేదు!"

తిరిగి చూశాను. ముఖం వెలిగిపోతోంది ఆవిడకి. అలసటలో ఉన్నానో, ఆ వెలుగు చూసి మెత్తబడ్డానో, డాక్టరు చెప్పిందంతా మెట్ల మీద నిలబడి చెప్పే ఓపిక లేకపోయిందో.

"అవునండి ఆంటీ. పాత మొక్కొకటి ఉండిపోయింది," అన్నాను.

"నిండు గుండే ఇచ్చావా? మేమంతా మూడు కత్తెరలిచ్చి సరిపెట్టుకునేవాళ్ళం. అంత జుట్టు ఇవ్వడానికి మనసెలా ఒప్పిందమ్మా నీకు?" అని నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఏం మొక్కో నేనడగను. అడక్కూడదు. మరి లడ్డూ ఏదీ?"

"సాయంత్రం తెస్తానండి," అనేశాను.

లడ్డూ ఎక్కణ్ణుంచి తేను? అదృష్టం బాగుండి ఆ రోజు శనివారం, ఢిల్లీ గుడిలో లడ్డూలిచ్చే రోజు. మెట్రో ఎక్కి గోల్ మార్కెట్ దగ్గరున్న తిరుపతి దేవస్థానం వాళ్ళ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాను. లైన్లో నిలబడి దర్శనం చేసుకున్నాను. టోపీ తీసి దణ్ణం పెట్టుకుంటే, నా వెనకున్న ముసలాయన "గోవిందా" అన్నాడు నా తల చూసి. స్వామికి ఏం చెప్పాలో తోచలేదు. అడక్కుండానే తీసుకున్నావు కదా అనుకున్నాను. ప్రసాదం లడ్డూ తెచ్చి, సైజు తేడా తెలియకుండా ముక్కలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టి ఆంటీకి ఇచ్చాను. ఆవిడ దేవుడి దగ్గర పెట్టి, తర్వాత అంకుల్‌కి ఒక ముక్క ఇచ్చి, తనో ముక్క నోట్లో వేసుకుంది.

ఆ అబద్ధం అంతటితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. ఆంటీ వాళ్ళింట్లో ఆదివారం సాయంత్రాలు సెక్టార్లో ఉన్న తెలుగు ఆడవాళ్ళు లలితా సహస్రనామం చదువుకుంటారు. ఎప్పుడూ వెనక వరసలో గోడకానుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు నన్ను ముందుకి పిలిచి దీపం వెలిగించమన్నారు. "నిండు జుట్టు ఇచ్చిందండీ," అని ఆంటీ గర్వంగా చెప్పింది. ఒకావిడ కూతురి సంబంధం కుదరాలని నన్ను మనసులో అనుకోమంది. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నా తల వైపు ఇంతమంది ఇంత ఇష్టంగా చూడటం ఎన్నడూ లేదు. అక్కడ ఉన్నంతసేపూ, వాళ్ళు చూస్తున్నది నన్ను కాదని తెలుస్తూనే ఉంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మొక్కు గుండు పెరగాలి.

"ఉగాదికి బాబ్‌డ్ హెయిర్ వచ్చేస్తుందిలే," అంది ఆంటీ సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు. ఫిబ్రవరిలో ఎండ కాస్తుంటే అందరూ టోపీలు తీసేశారు. నేను స్కార్ఫ్ కట్టుకోవడం మొదలెట్టాను. కనుబొమలు పోయినప్పట్నుంచే వాటిని పెన్సిల్‌తో దిద్దుకునేదాన్ని. మొదట్లో రెండూ ఒకలా వచ్చేవి కాదు. ఒకటి ఆశ్చర్యపోతున్నట్టు, ఒకటి కోపంగా ఉన్నట్టు.

"ఇంకా పెరగలేదేంటమ్మా?" అని ఎప్పుడడుగుతుందో అని నాకు భయం పట్టుకుంది. ఆవిడ అడగలేదు. అడగకముందే నేను తప్పుకోవడం మొదలెట్టాను. ఆదివారాలు తలనొప్పి అన్నాను, కాపీలు ఎక్కువున్నాయన్నాను. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే తలుపు తీయబోయి ఆగిపోయేదాన్ని. ఆ చెప్పుల చప్పుడు నాకు ఎంత బాగా తెలిసిపోయిందంటే, ఆవిడ ఒట్టి చేతుల్తో వెళ్తోందో, కూరగాయల సంచితో వెళ్తోందో చెప్పగలను.

ఉగాది రోజు పొద్దున్న బెల్ మోగింది. పెన్సిల్ ఇంకా పెట్టుకోలేదు, తల బోసిగా ఉంది. ఆవిడే అని తెలుసు. ఏటా ఆ రోజు ఉగాది పచ్చడి తెచ్చి, "ముందు చేదు తగిలిందా, తీపి తగిలిందా?" అని అడుగుతుంది. మంచం అంచున కూర్చుని ఊపిరి బిగబట్టాను. మళ్ళీ మోగింది. మూడోసారి మోగలేదు. చెప్పులు నెమ్మదిగా మెట్లు దిగాయి. చాలాసేపటికి తలుపు తీసి చూస్తే గుమ్మంలో గ్లాసు, దాని మీద మూతగా చిన్న ప్లేటు. వేపపువ్వు ఎక్కడ కోసుకొచ్చిందో ఏమో. ఆ గ్లాసు వంటింటి గట్టు మీద పెట్టుకుని నిలబడే తాగాను. ఇంట్లో టీవీ కూడా పెట్టలేదు ఆ రోజు, నేనున్నట్టు కిందికి వినపడుతుందేమోనని.

బయట మరో రకం. కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో మెట్రోలో లేడీస్ కోచ్ ఎక్కితే, ఎవరో ఒక అమ్మాయి వెంటనే లేచేది. "ఆంటీ, ఆప్ బైఠియే." ఒక పెద్దావిడ ఒకసారి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తన కోడలికి కూడా ఇలాగే అయిందనీ, ఆరు కీమోల తర్వాత ఇప్పుడు శుభ్రంగా ఉందనీ చెప్పింది. నాకది కాదని చెప్పాలనుకున్నాను. కానీ ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. మండీ హౌస్ దాకా అలాగే కూర్చున్నాను. రైలు మారి నిలబడ్డాక సిగ్గేసింది. బిల్డింగ్‌లో భక్తురాలిని, మెట్రోలో రోగిని. నేను రెండూ కాను. ఊరికే జుట్టు లేని మనిషిని. అలా నన్ను నన్నుగా చూసే చోటు ఢిల్లీలో ఒక్కటీ లేదనిపించింది.

మే నెల వచ్చింది. వడగాలులు. స్కార్ఫ్ కింద చెమట కారి మెడ మీద దద్దుర్లొచ్చాయి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, కాపీల గురించి మాట్లాడటానికి ఒకమ్మాయి నా క్యాబిన్‌కి వచ్చింది. అనంతపురం అమ్మాయి. ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో ఉంటాయి. మూడోసారి రాస్తోంది. చేతిరాత బాగుంటుంది, వాదన తడబడుతుంది. నాలుగు నెలలుగా తన కాపీలు నేనే దిద్దుతున్నా, ఎదురుగా కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి.

వ్యాసం కాపీ బల్ల మీద పెట్టి, మార్జిన్లో ఎర్రటి ఇంకుతో నేను రాసిన దాని మీద వేలు పెట్టింది.

"మేడమ్, ఇదొక్కటీ నాకు అర్థం కాలేదు. బాల్డ్ స్టేట్‌మెంట్ అని రాసినారు. బాల్డ్ అంటే..."

అని తలెత్తి నా స్కార్ఫ్ చూసింది. ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల లేచి పారిపోతుందేమో అనుకున్నాను.

"బాల్డ్ అంటే జుట్టు లేకపోవడమే," అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. "నువ్వనుకున్నదే. వాక్యానికి కూడా వాడతారు. చుట్టూ ఏ ఆధారం లేకుండా, ఉదాహరణ లేకుండా, ఉత్తి మాట అలా పడేస్తే దాన్ని బాల్డ్ అంటారు. 'పల్లెల్లో చదువు వెనకబడి ఉంది' అని రాసి వదిలేశావు చూడు. ఎక్కడ, ఎందుకు, ఎట్లా తెలుసు నీకు? అవి రాయి."

"అబద్ధం అని కాదు కదా మేడమ్?"

"కాదు. నిజమే. కాకపోతే ఒంటరి నిజం."

ఆ పిల్ల అది మార్జిన్లో రాసుకుంది. "పరీక్షలో తప్పు. బయట తప్పు కాదు కదా మేడమ్? మా అవ్వ అట్లనే మాట్లాడుతుంది. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్ల చెప్పేస్తుంది. ఎనకా ముందూ ఏం కలపదు."

"బయట తప్పు కాదు," అన్నాను.

కాపీ మొత్తం చూసుకున్నాం. లేచే ముందు ఆగి, అసలు అడగాలనుకున్నది అడిగింది.

"మేడమ్, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది. కాన్సర్ కాదు. తిరుపతీ కాదు. జుట్టు దానంతటదే రాలిపోయింది, అంతే. మళ్ళీ వస్తుందో లేదో తెలీదు."

ఇన్ని నెలల్లో అలా చెప్పడం అదే మొదటిసారి. అయిదు వాక్యాలు. చెప్పడానికి ఇంతేనా ఉంది అనిపించింది.

"మరి ఆ గుడ్డ ఎందుకు మేడమ్, ఈ ఎండల్లో? ఉడికిపోదా? ఈడ ఎవరున్నారు, తీసేయండి."

తీసేశాను. ఫ్యాన్ గాలి తల మీద తగిలి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ పిల్ల మొహమాటం లేకుండా చూసింది. "తల గుండ్రంగా బాగుంది మేడమ్. మా తమ్మునికి గుండు చేపిస్తే సొట్టలు సొట్టలుగా కనపడింది," అంది. ఇద్దరం నవ్వేశాం. పక్క క్యాబిన్ అతను అద్దంలోంచి తొంగి చూసి వెంటనే తల తిప్పుకున్నాడు.

ఆ రోజు స్కార్ఫ్ లేకుండానే మెట్రో ఎక్కాను. ఒకమ్మాయి సీటు ఇవ్వబోతే, "బీమార్ నహీ హూఁ బేటా, తుమ్ బైఠో," అని నాకు జబ్బేం లేదని చెప్పాను. ఆ పిల్ల నమ్మకం లేనట్టు చూసి కూర్చుంది. ఫరీదాబాద్‌లో దిగి, బిల్డింగ్ మెట్లెక్కి, నా తలుపు దాకా వెళ్ళకుండా కింది అంతస్తులో ఆగి బెల్ కొట్టాను.

ఆంటీ తలుపు తీసింది. చేతికి శనగపిండి ఉంది. నా తల ఒకసారి చూసింది. "రా, రా. బజ్జీలేస్తున్నాను," అని వంటింట్లోకి నడిచింది. వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పాను.

"ఆంటీ, నేను తిరుపతి వెళ్ళలేదండి. ఇది మొక్కు కాదు. జబ్బు. జుట్టు దానంతటదే పోయింది."

ఆవిడ మంట తగ్గించింది. మూకుట్లో ఉన్న బజ్జీ తిరగేసింది.

"తెలుసమ్మా," అంది.

"ఎప్పట్నుంచి?"

"సంక్రాంతి అప్పట్నుంచే. ముగ్గు పెడుతుంటే వచ్చి నిలబడ్డావు గుర్తుందా? మంచుకి ముఖం తుడుచుకున్నావు, ఒక కనుబొమ పక్కకి పోయింది. గుండు కొట్టిస్తే జుట్టు తీస్తారుగాని, కనుబొమలెక్కడైనా తీస్తారా?"

నా చెయ్యి కనుబొమ మీదికి వెళ్ళింది.

"మరి ఉగాదికి బాబ్‌డ్ హెయిర్ వస్తుందన్నారు?"

"నువ్వు అప్పుడైనా చెప్తావేమో అని అన్నాను. నువ్వు చెప్పలేదు. పైగా రావడం మానేశావు. నేనేదో తప్పు మాట అన్నానేమో, నీకు మనసు కష్టమైందేమో అని నేనూ పైకి రావడం తగ్గించాను. మీ అంకుల్‌తో కూడా చెప్పుకున్నాను, ఆ పిల్లకి నా మీద కోపం వచ్చిందండీ అని."

బజ్జీలు తీసి పళ్ళెంలో వేసింది. చేతులు కడుక్కుంది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. వచ్చి నా తల మీద అరచెయ్యి పెట్టింది. దీదీ మెషిన్ పెట్టిన తర్వాత, డాక్టరు తప్ప ఇంకో మనిషి చెయ్యి దాని మీద పడటం అదే.

"ఎండిపోయి పొలుసులు లేస్తోంది చూడు. నూనె రాయడం మానేశావా?"

"జుట్టే లేనప్పుడు నూనెందుకండి?"

"తల ఉంది కదే," అంది. నన్నలా 'కదే' అనడం అదే మొదటిసారి.

హాల్లో నేల మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, తన కాళ్ళ మధ్య నా తల పెట్టుకుని రాసింది. అంకుల్ ఆఫీసు నుంచి వచ్చి, మమ్మల్ని చూసి, చప్పుడు చేయకుండా లోపలికెళ్ళి తనే టీ పెట్టుకున్నారు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. నిద్రొచ్చింది. బజ్జీలు చల్లారిపోయేదాకా అక్కడే కునికాను.

మిగతావాళ్ళకి ఏం చెప్దామని ఆవిడే అడిగింది. "ఉన్నదే చెప్పండి," అన్నాను. చెప్పింది. ఆ తర్వాతి ఆదివారం ఒకరిద్దరు నా పక్కన కూర్చోవడానికి జంకారు, అంటుకుంటుందేమోనని. కూతురి సంబంధం కోసం నన్ను అనుకోమన్నావిడ ఉల్లిపాయ రసం, భృంగరాజ తైలం, హరిద్వార్‌లో ఎవరో వైద్యుడు అని చాలా చెప్పింది. దీపం వెలిగించమని ఎవరూ పిలవలేదు. నేను వెనక్కి, గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ హాయిగానే ఉంది.

జూన్‌లో ప్రిలిమ్స్ ఫలితాలొచ్చాయి. అనంతపురం అమ్మాయి నంబరు లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. తనుండే గదికి వెళ్ళి చూద్దామనుకుని, ఓల్డ్ రాజిందర్ నగర్ గల్లీలో ఆ బిల్డింగ్ కింద నిలబడ్డాను. ఫలితాలొచ్చిన వారం అక్కడ ప్రతి గుమ్మంలో పరుపులు, బకెట్లు, పుస్తకాల కట్టలు ఉంటాయి. వెళ్ళేవాళ్ళవి కొన్ని, వచ్చేవాళ్ళవి కొన్ని. పై నుంచి దిగుతున్న ఒకమ్మాయిని అడిగితే, "వో తో చలీ గయీ," అంది. గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందట. తర్వాత ఎప్పుడో మెసేజ్ వచ్చింది. ఊళ్ళో బడిలో చెప్తున్నాననీ, మేడమ్ బాగున్నారా అనీ. బాగున్నానని రాశాను. ఇంకా రాద్దామనుకున్నాను. ఎంతో మందిని ఇలా సాగనంపాను కదా, ఏం రాసినా అందరికీ రాసినట్టే ఉంది. చెరిపేశాను.

ఆ వానాకాలం మాత్రం నాకు బాగా గడిచింది. ఆదివారం పొద్దున్న ఆంటీ కింద నుంచి, "నూనె కాచాను, దిగు!" అని కేకేసేది. తలంటు పని అరక్షణంలో అయిపోయేది. మిగతా పొద్దంతా చిక్కుళ్ళు తుంచుకుంటూ, ఆవిడ పెళ్ళినాటి సంగతులు వింటూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి నా మీద నాకే కోపం వచ్చేది. ఒక శీతాకాలం, ఒక వసంతం, ఇరవై మెట్లు కూడా లేని దూరంలో ఇద్దరం ఒకరికొకరు భయపడుతూ గడిపేశాం.

అంకుల్ రిటైరయ్యారు. కాకినాడలో ఫ్లాట్ కొనుక్కున్నారని నాకు ముందే తెలుసు. తెలిసినా, ప్యాకర్స్ వాళ్ళ లారీ గేటు ముందు ఆగేదాకా ఆ విషయం నాకు సరిగా అందలేదు. సామాను దించుతుంటే ఆంటీ పైకి వచ్చింది. మందారం కుండీ, సగం ఇడ్లీ రవ్వ, వాడని చీపురు ఇచ్చింది. కాసేపు నా మంచం మీద కూర్చుంది.

"కాకినాడ రా. సముద్రం చూద్దువుగాని," అంది.

"వస్తానండి."

"అందరూ వస్తామంటారు," అంది. కోపంగా కాదు. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెట్లు దిగిపోయింది.

ఆ ఇంట్లోకి ఇప్పుడు పానీపత్ నుంచి ఒక కొత్త జంట వచ్చారు. మంచివాళ్ళే. ఎదురైతే "నమస్తే ఆంటీ" అంటారు. వాళ్ళ చెప్పుల చప్పుడు నాకింకా పట్టుబడలేదు. కోచింగ్‌లో కొత్త బ్యాచ్ చేరింది. నన్ను చూసి వాళ్ళెవరూ ఉలిక్కిపడరు. నేను మొదట్నుంచీ ఇలాగే ఉన్నాననుకుంటారు. కనుబొమలు దిద్దుకోవడం మానేశాను. జుట్టు రాలేదు. ఒకసారి మెడ పైన మెత్తటి నూగు కొద్దిగా లేచింది. రోజూ వేలితో తడిమి చూసుకునేదాన్ని. కొన్నాళ్ళకి అదీ పోయింది. డాక్టరుకి చెప్తే, "ఠీక్ హై, చూద్దాం," అన్నాడు.

ఆంటీ మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత ఆదివారాలు చేసేది. ఇప్పుడు గుర్తొచ్చినప్పుడు చేస్తుంది. నేనూ అంతే. మొన్న చేసినప్పుడు, అల్పపీడనం పట్టి మూడు రోజుల్నుంచి అక్కడ ఒకటే వాన అని చెప్పింది. ఇక్కడ పొగమంచు, ఎదుటి బిల్డింగ్ కనపడటం లేదన్నాను. అంకుల్ ఎలా ఉన్నారంటే, పడుకున్నారంది. అన్నం తిన్నావా అంటే, ఇప్పుడే కుక్కర్ పెట్టానన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు. అటు వైపు వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది.